జానీ క్యాష్ వరద పాట విన్నాను, ఈయన గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

లంకకుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం అవతల ఒక లంక. నాన్న అరటి వేస్తారు, మధ్యలో కాస్త కూరగాయలు. డిగ్రీ అయ్యాక నేను రావులపాలెం అరటి మార్కెట్లో ఒక కొట్లో లెక్కలు రాస్తున్నాను.

2022 జూలైలో గోదారొచ్చినప్పుడు మమ్మల్నందర్నీ పడవల మీద గట్టుకి చేర్చి హైస్కూల్లో ఉంచారు. ఐదు రాత్రులు అక్కడే. కరెంటు లేదు, దోమలు. మా పెద్దమ్మ కొడుకు ఫోన్లో పాటలుంటే ఛార్జింగ్ ఉన్నంతసేపూ విన్నాం. అందులో ఒక ఇంగ్లీషు పాట. "నీరెంత వచ్చిందమ్మా?" అని అడుగుతాడు, రెండడుగులు అంటుంది. నాన్ననీ అదే అడుగుతాడు. చరణం చరణానికీ ఒక్కో అడుగు పెరుగుతుంది, ఐదడుగుల దాకా. తేనెపెట్టెలు పోయాయంటాడు, కోళ్ళు చెట్టెక్కి పడుకున్నాయంటాడు, ఆవుకి మోకాళ్ళు దాటిందంటాడు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. నేను ఒక్కో ముక్కా తెలుగులో చెబుతుంటే విని, "ఆళ్ళకీ గోదారుందేంట్రా?" అంది.

అప్పట్నుంచీ ఆ పాట నన్ను వదల్లేదు. రాజమండ్రిలో పాత గిటారు ఒకటి 3,500కి కొనుక్కున్నాను. జి, సి, డి మూడు కార్డ్స్ వచ్చు. తెలుగులో సొంతంగా పాటలు రాయాలని ఉంది. మా లంక గురించి, నాన్న గురించి.

పాడినాయన పేరు జానీ క్యాష్ అని తెలిసింది. ఈయన నిజంగా రైతుబిడ్డేనా, లేక పాట కోసం అలా పాడాడా? జైల్లో ఉన్నాడని ఒకరు, లేడని ఒకరు అంటున్నారు. పాటలన్నీ తనే రాసుకున్నాడా? నాలాంటివాడు ఎక్కణ్ణుంచి మొదలెట్టి వినాలి?


వైనతేయగట్టు:

తమ్ముడూ, 2002లో పాడిన "హర్ట్" నుంచి మొదలెట్టు. వీడియో కూడా చూడు. ముసలితనం, వణికే చేతులు, పక్కన భార్య. ఆ ఒక్కటి చూస్తే మిగతావన్నీ నువ్వే వెతుక్కుంటావు.


తంతిమేష్టారు:

బాబూ, మీ అమ్మగారు అడిగిన ప్రశ్నకి ముందు సమాధానం చెప్పాలి. ఉందమ్మా, వాళ్ళకీ గోదారుంది. దాని పేరు మిసిసిపీ. అదీ ఒండ్రు తెస్తుంది, అదీ గట్లు తెంపుతుంది.

నేను తపాలా శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా అమలాపురం చుట్టుపక్కల ఆఫీసుల్లోనే. 1986 ఆగస్టు వరద నువ్వు పుట్టకముందు మాట. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. అక్కడ 17.75 అడుగులొస్తే మూడో హెచ్చరిక ఎగరేస్తారని నీకు తెలుసు కదా, ఆ రోజుల్లో ఆ అంకె మా తంతి మీద గంటగంటకీ వచ్చేది. ఆఫీసులోకి నీళ్ళొచ్చాక కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని కొట్టాను. తర్వాత లైను చచ్చిపోయింది. సౌండర్, అంటే తంతి సందేశాన్ని టకటకా వినిపించే పరికరం, దాని చప్పుడు ఆగాక వినపడిన నీటి చప్పుడు నాకు ఇవాళ్టికీ గుర్తే. లైను బాగయ్యాక వారం పైన అందరూ పంపింది ఒక్కటే మాట, క్షేమం. దాని వెనకాల పేరు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఒక పేరు తక్కువ రాయించేవారు. చేత్తో కొట్టినవాణ్ణి నేనే కాబట్టి ఏ పేరు లేదో నాకు తెలిసిపోయేది.

ఆ తర్వాత రెండేళ్ళకి ఓడల మీద పనిచేసే మా మేనల్లుడు ఒక క్యాసెట్టు తెచ్చాడు. అందులో నువ్వు చెప్పిన పాటే మొదట విన్నాను. విన్నంతసేపూ కదల్లేదు. నీటి మట్టం ఇలా అంకెల్లో, ఏడుపు లేకుండా చెప్పడం నాకు తెలుసు. అదే నా ఉద్యోగం. ఇంకో సంగతి గమనించావో లేదో, నీరు ఒక అడుగు పెరిగినప్పుడల్లా పాట శ్రుతి కూడా ఒక మెట్టు పైకెక్కుతుంది. గొంతు తనూ మెట్లెక్కి మేడ మీదకి పోతున్నట్టే.

రైతుబిడ్డేనా అన్నావు. పత్తి రైతు కొడుకు. 1932 ఫిబ్రవరి 26న ఆర్కెన్సా రాష్ట్రంలో కింగ్స్‌లాండ్ అనే ఊళ్ళో పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు జె.ఆర్. అంతే, రెండక్షరాలు. అప్పుడు అమెరికాలో పెద్ద మాంద్యం, రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబం. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చిత్తడి అడవి నరికించి, కాలువలు తవ్వించి, పేద రైతులకి ఇల్లూ పొలమూ అప్పు కింద ఇచ్చి తర్వాత తీర్చుకోమంది. డైస్ అని ఆ కాలనీ పేరు. 1935లో వీళ్ళు అక్కడికి చేరేసరికి పిల్లాడికి మూడేళ్ళు. వచ్చింది 20 ఎకరాలు, అదీ మొద్దులు నిండిన అడవి. తండ్రీ పెద్దన్నా నరికారు. వీడు ఐదేళ్ళకే చేలో పనివాళ్ళకి మంచినీళ్ళు మోశాడు, కాస్త పెద్దయ్యాక గోతం భుజాన వేసుకుని పత్తి తీశాడు.

1937 జనవరిలో వరదొచ్చింది. తల్లి చిన్నపిల్లల్ని తీసుకుని రైలెక్కి పాత ఊరు వెళ్ళింది, తండ్రి ఇంటి దగ్గర ఉండిపోయాడు. నీళ్ళు తీశాక తిరిగొచ్చారు. వాళ్ళ చేలో ఏముంది? నల్లటి ఒండ్రు. మర్నాటి ఏడు అంతకుముందెన్నడూ పండనంత పత్తి పండిందని తర్వాత కచేరీల్లో తనే చెప్పుకునేవాడు. 1986 తర్వాత మా పక్క లంకల్లో కందా పసుపూ ఎలా పండాయో చూసినవాణ్ణి నేను. పాడి గేదెలు పోయి ఏడ్చిన మనిషే మర్నాడు ఆ మట్టి పిడికిట్లోకి తీసుకుని వాసన చూశాడు. ఆ పాట 1959లో వచ్చింది. అంటే ఐదేళ్ళు నిండని పిల్లాడు చూసింది ఇరవయ్యేడేళ్ళవాడు రాశాడు. అంతకాలం దాచుకున్నాడు. పాటలు రాస్తానన్నావు కాబట్టి ఇది చెబుతున్నాను, నువ్వు 2022లో చూసింది ఎక్కడికీ పోదు. తొందరపడకు.

వరద కంటే పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. అన్న జాక్, వీడికంటే రెండేళ్ళు పెద్ద. బడి వర్క్‌షాపులో కర్రలు కోస్తే మూడు డాలర్లు వస్తాయని, ఇంటికి పనికొస్తాయని శనివారం పనికెళ్ళాడు. తమ్ముడు చేపలకి రమ్మన్నాడు, రానన్నాడు. రంపపు బల్ల మీద పడి కడుపు కోసుకుపోయింది. వారం రోజులు బతికి 1944 మే 20న పోయాడు. అంత్యక్రియలైన మర్నాడు తల్లి మళ్ళీ పత్తి చేలోకి దిగింది. కలుపు తీస్తూ మోకాళ్ళ మీద కూలబడిపోయేదట, మళ్ళీ లేచేదట. ఈయన గొంతులో ఆ బరువు ఎక్కడిదని చాలామంది అడుగుతుంటారు. నాకు తెలిసి ఆ చేలోదే.

ఆ ఇంట్లో సంగీతం అంటే రెండే. సాయంత్రం అందరూ కలిసి పాడే భక్తి పాటలు, బ్యాటరీ రేడియో. రేడియోలో కార్టర్ కుటుంబం అని ఒక ఇంటివాళ్ళు పాడేవారు, 1927లో బ్రిస్టల్ అనే ఊళ్ళో తొలి రికార్డులిచ్చినవాళ్ళు. కంట్రీ సంగీతానికి పునాది వేసినవాళ్ళలో వాళ్ళొకరు. కొండ పల్లెల పాటలు, చర్చి పాటలు, చావు పాటలు, గిటారుతో. మన ఊడ్పు పాటలూ పడవ పాటలూ రేడియో ఎక్కి ఊరూరా రికార్డులై తిరిగి ఉంటే ఎలా ఉండేదో అలాంటిది. ఆ ఇంట్లో అమ్మాయే జూన్ కార్టర్. ఈ పత్తి చేలో కుర్రాడు రేడియోలో విన్న ఇంటికే తర్వాత అల్లుడయ్యాడు.

1950లో వైమానిక దళంలో చేరాడు. అక్కడ ఉత్త అక్షరాలు చెల్లవన్నారు, జె. కాస్తా జాన్ అయింది. జర్మనీలో లాండ్స్‌బర్గ్‌కి పంపారు. అక్కడ ఉద్యోగం ఏమిటో తెలుసా? మోర్సు కోడు వినడం. రష్యావాళ్ళ సందేశాలు చెవికి తగిలించుకుని చుక్కలూ గీతలూ పట్టి రాసుకోవడం. ఇది చదివిన రోజున నేను మా ఇంట్లో అరుగు మీద కూర్చుని పెద్దగా నవ్వాను, అంత సంతోషం వేసింది. మాలో ఒకడు! అతని పాటల నడక వింటే నాకు ఎప్పుడూ తంతి కొట్టే కీ చప్పుడే గుర్తొచ్చేది. బొటనవేలితో లావు తీగ ఒకటి, వెంటనే మిగతా తీగల మీద గుప్పెడు, మళ్ళీ ఒకటి. దానికీ మోర్సుకీ సంబంధం ఉందని అతనెక్కడా చెప్పలేదు, నేనూ అనను. నా చెవికి మాత్రం అలాగే పడుతుంది.

ఐదు డాలర్లు పెట్టి గిటారు కొన్నది అక్కడే. తోటి సిపాయిలతో కలిసి పాడాడు. 1954లో వచ్చేసి వివియన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుని మెంఫిస్‌లో కాపురం పెట్టాడు. ఇల్లిల్లూ తిరిగి ఇంటి సామాను అమ్మే పని, అదీ సరిగ్గా సాగలేదు. లూథర్ పెర్కిన్స్, మార్షల్ గ్రాంట్ అని ఇద్దరు కార్ల మెకానిక్కులు తోడయ్యారు. బాబూ, ఇది నీకు బాగా పనికొచ్చే ముక్క. ముగ్గురికీ వాయిద్యం అంతంతమాత్రమే. గ్రాంట్ బాస్ వాయించడం అప్పుడే నేర్చుకుంటున్నాడు. పెర్కిన్స్ వేళ్ళు వేగంగా కదలవు, ఒక్కో తీగా ఆచితూచి మీటేవాడు. డోలు కొట్టేవాడు లేడు. డోలు లేని లోటు తీర్చడానికి క్యాష్ ఒక కాగితం ముక్క తీగల మధ్య దూర్చి గిటారుతోనే ఆ చప్పుడు రప్పించాడు. రాని విద్య నుంచి పుట్టిన ఆ నడకని తర్వాత ప్రపంచమంతా అనుకరించింది. నీకు మూడు కార్డ్స్ వచ్చు అన్నావు. చాలు.

సన్ రికార్డ్స్ అని మెంఫిస్‌లో సామ్ ఫిలిప్స్ గారి చిన్న స్టూడియో. క్యాష్ భక్తి పాటలు పాడతానన్నాడు, అవి అమ్ముకోలేనన్నాడాయన. 1955లో తొలి రికార్డు. 1956లో "ఐ వాక్ ద లైన్" కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానం. ఆ పాట వింటే చరణానికి ముందు గొంతులో ఒక హుంకారం వినపడుతుంది. శ్రుతి మారిన ప్రతిసారీ కొత్త శ్రుతి పట్టుకోవడానికి చేసిన పని అది. దాచుకోకుండా రికార్డులోనే ఉంచేశాడు.

1958లో పెద్ద కంపెనీ కొలంబియాకి వెళ్ళాడు. ఊరూరా కచేరీలు, రాత్రంతా కారు ప్రయాణం, నిద్ర రాకుండా మాత్రలు, నిద్రకి మళ్ళీ మాత్రలు. పదేళ్ళు ఆ మాత్రలు తినేశాయి మనిషిని. 1965లో ఎల్ పాసోలో పట్టుకున్నారు, గిటారు పెట్టెలో వెయ్యికి పైగా మాత్రలు. శిక్ష అమలు చేయకుండా వదిలేశారు, జరిమానా వేశారు. జైలు సంగతి అడిగావు కదా. లాకప్‌లో కొన్ని రాత్రులు గడిపాడు, అంతే. జైలు శిక్ష అనుభవించలేదు. అయినా ఖైదీలు తమవాడే అనుకున్నారు. అది మాత్రం నిజమైన బంధం.

1968 జనవరి 13. కాలిఫోర్నియాలో ఫోల్సమ్ జైలు. ఖైదీల భోజనశాలలో వేదిక. ముందురోజు రాత్రి ఒక పాస్టరు గారు టేపు ఒకటి చేతిలో పెట్టారు, లోపల ఉన్న ఖైదీ గ్లెన్ షెర్లీ రాసిన పాట, ఆ జైలు ప్రార్థనామందిరం గురించి. క్యాష్ రాత్రికి రాత్రి నేర్చుకున్నాడు. మర్నాడు షెర్లీ ముందు వరసలో కూర్చుని ఉండగా అతని పేరు చెప్పి, అతని పాట పాడాడు. ఆ క్షణం గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఒక మనిషి రాసిన నాలుగు ముక్కలు గోడలు దాటించడం అంటే ఏమిటో ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళ మాటలు మోసిన నాకు తెలుసు. ఆ కచేరీ రికార్డే మా మేనల్లుడు తెచ్చిన క్యాసెట్టు రెండో వైపున ఉంది. అదే ఏడు మార్చి 1న జూన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. మాత్రల నుంచి ఆవిడే బయటికి లాగింది. పూర్తిగా అనుకోకు, 1980లలో మళ్ళీ జారాడు, మళ్ళీ చికిత్సకి వెళ్ళాడు.

1972లో అమెరికా సెనేట్ కమిటీ ముందు జైళ్ళ సంస్కరణ గురించి సాక్ష్యం చెప్పాడు. దానికి ముందే, 1964లో, అక్కడి ఆదివాసులకి జరిగిన అన్యాయం మీద ఒక ఆల్బమ్ చేశాడు. రేడియోవాళ్ళు దాన్ని వెయ్యబోమన్నారు. బిల్‌బోర్డ్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన తనే వేయించి, మీకు ధైర్యం ఏదని నిలదీశాడు. నల్లబట్టలు ఎందుకని అడిగితే పేదవాళ్ళ కోసం, ఖైదీల కోసం అని 1971లో పాట రూపంలోనే జవాబిచ్చాడు.

1986లో కొలంబియా కంపెనీ ఇరవయ్యెనిమిదేళ్ళ తర్వాత వద్దంది. మన దగ్గర గట్లు తెగిన ఏడే. 54 ఏళ్ళు. అందరూ పని అయిపోయిందన్నారు. 1994లో రిక్ రూబిన్ అనే నిర్మాత కూర్చోబెట్టి, పక్క వాయిద్యాలన్నీ తీసేసి, నువ్వూ నీ గిటారూ చాలన్నాడు. అక్కణ్ణుంచి మళ్ళీ లేచాడు. పైన వైనతేయగట్టు గారు చెప్పిన పాట ఆ దశలోది. అది గొప్పదే, కాదనను. రాసింది మాత్రం అతను కాదు, ట్రెంట్ రెజ్నర్ అనే రాక్ గాయకుడు. దానితో మొదలెట్టమని నేను చెప్పను. వరద ముందు చూడాలి, తర్వాతే గట్టు మీద మిగిలినది చూడాలి. 2003 మే 15న జూన్ పోయింది. నాలుగు నెలలు తిరక్కుండా సెప్టెంబరు 12న ఆయనా పోయాడు, 71 ఏళ్ళకి.

నువ్వు వరద పాటతోనే మొదలెట్టావు. అది ఉన్న ఆల్బమ్ పేరుకి అర్థం "మన మట్టి పాటలు". మొత్తం విను. తర్వాత ఫోల్సమ్ కచేరీ ఒక్క బిగిన విను. తర్వాత రూబిన్‌తో చేసిన 1994 ఆల్బమ్.


రాజోలుపిల్ల:

మేష్టారూ, మీ వరద టెలిగ్రాముల ముక్క దగ్గర ఆగిపోయాను. 1986లో మా అమ్మమ్మావాళ్ళు కూడా డాబా మీద రెండు రోజులున్నారట.

నేను మెంఫిస్‌లో నర్సుగా పనిచేస్తున్నానండి. పోయినేడు డైస్ వెళ్ళొచ్చాం, ఇక్కడికి కారులో గంట లోపే. ఆర్కెన్సా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఆ ఇంటిని బాగుచేసి 2014 నుంచి చూడనిస్తున్నారు. చిన్న తెల్ల చెక్క ఇల్లు, చుట్టూ ఎటు చూసినా చదునైన చేను. చెట్టు కూడా ఎక్కడో ఒకటి. కొబ్బరిచెట్లు లేవు గానీ, తిన్నగా కోసుకుపోయే మురుగు కాలువలు చూస్తే మా ఊరి డ్రెయినే అనిపించింది. అక్కడి మట్టి వానకి బంకలా పట్టేస్తుంది, ఎండకి బీటలు తీస్తుంది. ఆ మట్టి కదలడం వల్లే ఇల్లు ఒరిగిపోతే పునాది సరిచేయాల్సి వచ్చిందట. మా అత్తగారు నాతో వచ్చారు, ఆవిడ జానీ క్యాష్ పేరే వినలేదు. గుమ్మంలో నిలబడి, "ఇంతమంది పిల్లలతో ఈ రెండు గదుల్లో వంట ఎలా చేసిందో తల్లి" అన్నారు. గదులు ఐదున్నాయి, చిన్నవి కాబట్టి అలా అనిపిస్తాయి. అందులో ఏడుగురు పిల్లలు పెరిగారు.

ఒక్క మాట చెప్పాలి. అందరం జూన్ గురించి చెప్పుకుంటాం. "ఐ వాక్ ద లైన్" రాసింది వివియన్ కోసం, నీకే కట్టుబడి ఉంటానని. ఆయన ఊళ్ళు తిరుగుతుంటే నలుగురు ఆడపిల్లల్ని పెంచింది ఆవిడ. మాట నిలబెట్టుకోలేదు ఆయన. పెద్దమ్మాయి రోజాన్ క్యాష్ పెద్ద గాయని అయింది, సొంతంగా రాస్తుంది. తమ్ముడూ, ఆవిడ పాటలు కూడా విను. ఇల్లు విడిచి వెళ్ళినవాడి పాటొక్కటే వింటే సగమే విన్నట్టు.


పాటలపెట్టె:

పాటలన్నీ తనే రాశాడా అన్న ప్రశ్నకి ఇంకా సూటిగా ఎవరూ చెప్పలేదు. చాలా రాశాడు, అన్నీ కాదు. బాగా పేరొచ్చిన 1963 నాటి "రింగ్ ఆఫ్ ఫైర్" జూన్ కార్టరూ మెర్ల్ కిల్గోరూ కలిసి రాసింది. 1969లో శాన్ క్వెంటిన్ జైల్లో పాడగా హిట్టయిన, ఆడపేరు పెట్టుకున్న కుర్రాడి పాట షెల్ సిల్వర్‌స్టీన్‌ది.

తనది అనుకున్నదాంట్లో కూడా ఒకదానికి పేచీ ఉంది. ఫోల్సమ్ జైలు మీద 1955లో వచ్చిన పాట వరసా, చాలా పంక్తులూ 1953లో గోర్డన్ జెంకిన్స్ చేసిన పాట నుంచి తీసుకున్నవి. జెంకిన్స్ కోర్టుకెక్కితే 1970ల మొదట్లో సుమారు 75 వేల డాలర్లు ఇచ్చి సర్దుకున్నాడు. మార్చినచోట మాత్రం గొప్పగా మార్చాడు. జెంకిన్స్‌ది ఊళ్ళో విసిగిన ఆడమనిషి పాట, ఇతను కిటికీలోంచి రైలు చప్పుడు వింటున్న ఖైదీ నోట్లో పెట్టాడు. అయినా అడక్కుండా తీసుకున్నది తీసుకున్నదే. కొత్తగా రాసేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

ఇంకొకటి. ఫోల్సమ్ రికార్డులో మనిషిని చంపానన్న పంక్తి దగ్గర ఖైదీలు కేరింతలు కొట్టినట్టు వినపడుతుంది. ఆ కేక తర్వాత స్టూడియోలో కలిపారు. ఆ రోజు లోపల ఉన్నవాళ్ళు గార్డుల ముందు అలా అరవడానికి జంకారు. నాకైతే ఆ మౌనమే రికార్డులో ఉంచి ఉంటే బాగుండేదనిపిస్తుంది.


తంతిమేష్టారు:

పాటలపెట్టె గారూ, జెంకిన్స్ సంగతి నేను చెప్పాల్సింది, వదిలేశాను. చెప్పినందుకు సంతోషం. అమ్మాయ్ రాజోలూ, వివియన్ గారి గురించి నువ్వన్నది నిజం. మా రోజుల్లో మగవాడి కష్టం ఒక్కటే కథ అనుకునేవాళ్ళం.


లంకకుర్రోడు:

మేష్టారూ, అక్కా, అందరికీ దణ్ణాలండి. మేష్టారు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. ఒండ్రు దగ్గర "ఔను" అంది. జాక్ దగ్గర లేచి లోపలికెళ్ళిపోయింది. మా చిన్నాన్న గోదార్లోనే పోయాడండి, నాకు ఊహ తెలియనప్పుడు. ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

మట్టి పాటల ఆల్బమ్ రెండుసార్లు విన్నాను. గిటారులో కాగితం కూడా పెట్టి చూశాను, మా పత్తిలేని ఊళ్ళో పత్తి తీస్తున్న చప్పుడొచ్చింది. అక్క చెప్పిన రోజాన్ క్యాష్‌వి ఈ ఆదివారం.

2022లో నీళ్ళు వస్తున్నాయని తెలిసి నాన్నా నేనూ చేతికి రాని గెలలన్నీ పచ్చివే కోసి గట్టు మీదకి చేర్చాం. కొనేవాడు రాలేదు. రెండ్రోజులకి పండిపోయి, వాన తడికి కుళ్ళిపోయాయి. దాని మీద రాశాను. నీరెంత వచ్చిందని అడగడం ఆయన పాట కాబట్టి ఆ జోలికి పోలేదు. ఎవరినీ తీసుకోలేదు. నాలుగు పంక్తులే వచ్చాయి, చూడండి:

పచ్చి గెలలు కోసుకొచ్చి గట్టు మీద పేర్చాం
పడవ ఒడ్డు చేరేసరికి పొద్దు గుంకిపోయె
ఎన్ని గెలలు నాన్నా అంటే మాట లేదు బదులు లేదు
వరద కేసి చూసుకుంటూ వక్క నములుతున్నాడు


రాజోలుపిల్ల:

వక్క దగ్గర మా తాతయ్య కనపడ్డాడు తమ్ముడూ.


తంతిమేష్టారు:

బాబూ, మూడు రోజులు ఊళ్ళో లేను, ఇప్పుడే చూశాను. నాలుగో పంక్తి అచ్చంగా నీది. మూడో పంక్తిలో "మాట లేదు బదులు లేదు" రెండూ ఒకటే, ఒకటి తీసెయ్. టెలిగ్రాములో మాటకి ఇంత అని డబ్బులు కట్టించుకునేవాళ్ళం, ఆ అలవాటుతో చెబుతున్నాను. తీసినచోట గెలలు ఎన్నో నాన్న లెక్కపెడుతూ మధ్యలో ఆపేసిన అంకె వెయ్యి, నీకు గుర్తుంటే.

రెండో పంక్తిలో పడవ ఎవరి కోసం వచ్చింది? గెలల కోసమా, మీ కోసమా? వినేవాడికి అది తెలియాలి.

ఇంకొకటి. "వరద" మాట మార్చు. నువ్వు పైన మొదటి ప్రశ్నలో రాసింది ఒకసారి చూసుకో, "గోదారొచ్చినప్పుడు" అన్నావు. మీ నాన్నగారూ అదే అంటారు. వరద అనేది మేం తంతిలో కొట్టే మాట, పేపరువాళ్ళ మాట. "గోదారి కేసి చూసుకుంటూ" అని పాడి చూడు, రెండు మాత్రలు ఎక్కువవుతాయి. అవనీ, "గోదారి" దగ్గర కాస్త సాగదియ్యి. పాడి ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టు. ఫ్యాను ఆపి చెయ్యి, తీగల చప్పుడు నాకు వినపడాలి.


లంకకుర్రోడు:

నూట నలభై దగ్గర ఆపేశారండి మేష్టారూ. నాన్నని ఇప్పుడే అడిగాను. నాలుగేళ్ళయినా అంకె గుర్తుంది ఆయనకి. పడవ మా కోసం. గెలలు ఎక్కించుకోమన్నారు నాన్న, చోటు లేదన్నారు. రాత్రికి రికార్డు చేసి పెడతాను.